ఇరుకుచోట పొగగొట్టము

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)

 

ప్రతి సంవత్సరము ఈ వేదికపై మాతృభాషను గూర్చియో, పద్యపఠనమును గూర్చియో నాలుగు మాటలు చెప్పుట మాకు వాడుక. ఈ సంవత్సరము కార్యదర్శిగారు, “ఈసారి పిల్లలకు పనికివచ్చు చేతిపనిని గూర్చి ఏదైన చెప్పుడు” అని కోరిరి. మేము ఇంటర్మీడియట్ వరకు తెలుగులో చదువుకొని, ఉపాధ్యాయ శిక్షణ పొంది, బడిపంతులమైనవారము. యంత్రశాస్త్రము చదివినవారము కాము. అయినను గత సంవత్సరము మా చేతులతో మేము ఒక పని చేసితిమి. అందులో తప్పు చేసితిమి, భయపడితిమి, కొంత నేర్చుకొంటిమి. ఆ పనిని గూర్చియే నేడు చెప్పదలచితిమి. కోవిల్‌పట్టిలోని మా ఇంటి ఇరుకు కొట్టములో, మా పాత అంబాసిడరు కారునకు పొగగొట్టము మార్చిన సంగతి అది.

పిల్లలు నవ్వుచున్నారు. నవ్వవచ్చును. కాని ఈ సభలో కూర్చున్నవారిలో ముగ్గురు ఆ పాత గొట్టము మూలమున పెద్ద ఆపదకు దగ్గరగా పోయి వచ్చినవారు. కావున ముందుగా ఆ దినమున జరిగినది చెప్పెదము.

గత కార్తీకములో విరుదునగరమున పద్యపఠన పోటీ ఉండెను. మన పాఠశాలనుండి ముగ్గురు విద్యార్థులను తీసికొని మా కారులోనే బయలుదేరితిమి. కోవిల్‌పట్టినుండి సాత్తూరు మీదుగా విరుదునగరమునకు సుమారు 50 కిలోమీటర్లు. ఈశాన్య ఋతుపవనపు వాన విడువక కురియుచుండెను. పిల్లలు తడియుదురని అద్దములన్నియు ఎక్కించితిమి. కారు క్రిందనుండి కొన్నాళ్ళుగా ఒక బొంగురు చప్పుడు వచ్చుచున్న సంగతి మాకు తెలియును. పాతబండి గదా, చప్పుడు చేయకేమి చేయునని ఊరకుంటిమి. సాత్తూరు దాటులోపల వెనుక కూర్చున్న ఒక బాలిక తలనొప్పి అనెను. మరియొక బాలుడు మాట్లాడక తలవాల్చి కూర్చుండెను. మూడవవాడు వాంతి వచ్చుచున్నదనెను. పరగడుపున బయలుదేరినందువలన పైత్యము చేసినదని మేము తలచితిమి. బండి నిలిపి, ఒక అంగడిలో శొంఠికాఫీ ఇప్పించి, పావుగంట గాలికి నిలబెట్టితిమి. పిల్లలు తేరుకొనిరి. పోటీలో ఒకరికి బహుమతియు వచ్చెను. శొంఠికాఫీ గుణమును మెచ్చుకొంటిమి. తిరుగు ప్రయాణములో మరల వాన, మరల అద్దములు, మరల తలనొప్పి. ఈసారి మాకును తల దిమ్మెక్కెను.

మా ప్రక్కయింట ఒక పెద్దమనిషి ఉన్నారు. బస్సులకు ఫిట్టరుగా ముప్పది ఏండ్లు పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు. మేము వారిని మామ అందుము. కారు ఇల్లు చేరు చప్పుడు వినియే వారు గొడుగు వేసికొని వచ్చి, వంగి క్రిందికి చూచిరి.

“అల్లుడా, ఈ బండిలోనా పిల్లల్ని ఎక్కించుకొని పోతివి?” అని అడిగిరి.

“ఔను మామా. చప్పుడు కొంచెము ఎక్కువగా ఉన్నది, అంతే” అంటిమి.

“చప్పుడు కాదబ్బా. సైలెన్సరుకు ముందర పైపు పగిలింది. పైన చూస్తే కాలికింద రేకు త్రుప్పు పట్టి బొక్క పడింది. పొగంతా లోపలికే వచ్చుంటుంది. పిల్లలకు తల నొచ్చిందా?”

మేము మారు పలుకలేదు. తలనొప్పి సంగతి వారికెవ్వరును చెప్పలేదు. వారే అడిగిరి. ఆ ప్రశ్న విన్నప్పుడు మాకు కలిగిన భయము నేటికిని తీరలేదు.

ఆ భయమునకు కారణమేమో పై తరగతుల విద్యార్థులు గ్రహింపవలెను. పెట్రోలు పూర్తిగా మండినచో నీటి ఆవిరియు, బొగ్గుపులుసు వాయువును పుట్టును. గాలి చాలక అరకొరగా మండినచో కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. పొగలో మనకు తెలియు ఘాటు ఇతర వాయువులది. అసలు విషము తన రాకను తెలుపదు. మన నెత్తుటిలోని హీమోగ్లోబిను ప్రాణవాయువును మోసికొని పోవునది గదా. ఆ హీమోగ్లోబిను ఈ విషవాయువును ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన పట్టుతో పట్టుకొనును. పట్టుకొన్నదానిని త్వరగా విడువదు. ఊపిరి ఆడుచునే ఉండును, దేహమునకు మాత్రము ప్రాణవాయువు అందదు. మొదట తలనొప్పి, పిమ్మట వాంతి, తలతిరుగుట, మగత. మగతలో పడినవానికి లేచి తలుపు తెరువవలెనన్న తలంపే పుట్టదు. ప్రమాదమంతయు అందులోనే ఉన్నది.

ఈ విషము పనిచేయు తీరును 19వ శతాబ్దిలో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డు వివరించెను. ఇంగ్లండులో జె.ఎస్. హాల్డేన్ అను పండితుడు 1890లలో తానే ఆ వాయువును పీల్చి, తన దేహములో కలుగు మార్పులను వ్రాసికొనెను. గనులలో దిగువారు చిన్నపిట్టలను వెంట తీసికొని పోవుట ఆయన సలహా వలననే వ్యాపించెను. పిట్ట మనకంటె ముందుగా సొమ్మసిల్లును, మనుష్యులు బయటపడుదురు. బ్రిటను గనులలో ఈ వాడుక 1986 వరకు ఉండెను. ఆ దినమున మా బండిలో పిట్టలు లేవు. పిట్టల స్థానమున పిల్లలు ఉండిరి.

ఈ వాయువు మన ప్రాంతమువారికి క్రొత్తదియు కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెట్రోలు కరవు వచ్చినప్పుడు, మదురై కేంద్రముగా బస్సులు నడిపిన టి.వి. సుందరం అయ్యంగారి సంస్థవారు బొగ్గువాయువుతో బండ్లు నడుపు సాధనమును తయారుచేసిరి. ఆ బొగ్గువాయువులో మండు భాగము ముఖ్యముగా ఈ కార్బన్ మోనాక్సైడే. ఇంజనులోనికి పోయినచో బస్సును నడపును. మనుష్యుని నెత్తుటిలోనికి పోయినచో ప్రాణము తీయును. దానిని ఉండవలసిన చోట ఉంచుటయే గొట్టము పని.

ఇక గొట్టమును గూర్చి. ఇంజనునుండి వెలువడు పొగను ముందుగా ఒక పోతయినుప భాగము చేర్చుకొనును. దానినుండి క్రిందికి దిగునది మొదటి గొట్టము. తరువాత నడుమ ఉండు డొల్ల సైలెన్సరు. దాని వెనుకనుండి వెనుక ఇరుసును దాటి బయటికి పోవునది తోకగొట్టము. వీనిని కలుపుటకు క్లాంపులు, బోల్టులు. అతుకులలో పొగ కారకుండుటకు గాస్కెట్టు. బండిరేకుకు వ్రేలాడదీయుటకు రబ్బరు పట్టీలు. చప్పుడు తగ్గించు ఈ డొల్లకు అమెరికాలోని రీవ్స్ సోదరులు 1897లో పేటెంటు పొందిరి. మనదేశములో 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలోని 120వ నియమము ప్రకారము సైలెన్సరు లేని బండి నడుపరాదు. చప్పుడు తగ్గించుట ఒక పని. పొగను మనుష్యులకు దూరముగా, బండి వెనుకకు తీసికొనిపోయి విడుచుట అంతకంటె ముఖ్యమైన పని.

ఇనుపగొట్టము ఎందువలన పగులును? ఒక లీటరు పెట్రోలు మండినచో సుమారు ఒక లీటరు నీరు పుట్టును. బండి దూరము పోయినచో ఆ నీరు ఆవిరియై బయటికి పోవును. మావలె ఇంటినుండి బడికి, బడినుండి ఇంటికి రెండు మైళ్ళు నడుపువారి బండిలో గొట్టము చక్కగా వేడెక్కదు. నీరు లోపలనే నిలిచి, పొగలోని పులుసుతో కలిసి, ఇనుమును లోపలనుండి తినివేయును. పైకి నల్లరంగు బాగుగనే కనబడును. సుత్తితో మెల్లగా తట్టినచో మంచి ఇనుము ఖణిల్లుమనును, చెడినది బొదబొదమనును. ఆ పరీక్షకు అర నిమిషము చాలును. మేము ఆ అర నిమిషమును రెండేండ్లుగా వెచ్చింపలేదు.

సరి, గొట్టము మార్చవలెను. అంబాసిడరు బండ్ల తయారీ ఉత్తరపారాలో 2014లోనే నిలిచిపోయినది. భాగములు అన్ని ఊళ్ళలో దొరకవు. విరుదునగరపు బజారులో పాతబండ్ల సామానులు అమ్ము ఒక అంగడి ఉన్నదని మామ చెప్పిరి. బస్సులో పోయితిమి. అంగడి యజమాని మన తెలుగువారే. మా జాబితా చూచి, “వాధ్యారుగారూ, పైపు కొనేది పెద్దపని కాదు, బండికింద పడుకొనేదే పెద్దపని. ఇంట్లో చోటుందా?” అని అడిగెను. ఉన్నదంటిమి. మొదటి గొట్టము, సైలెన్సరు, తోకగొట్టము, నాలుగు క్లాంపులు, రబ్బరు పట్టీలు, గాస్కెట్టు కొంటిమి. ఆ గొట్టములను గోనెపట్టాలో చుట్టి బస్సులో కోవిల్‌పట్టికి తెచ్చునప్పుడు కండక్టరు వానికి కూడ టిక్కెట్టు అడిగెను. ఇచ్చితిమి.

ఇక చోటు సంగతి. మా కొట్టము వెడల్పు 8 అడుగులు. కారు వెడల్పు సుమారు అయిదున్నర అడుగులు. రెండు ప్రక్కల 15 అంగుళముల చొప్పున మిగులును. ఒక ప్రక్క గోడ, మరియొక ప్రక్క ధాన్యపు గాదె. కారు క్రింద జానెడు సందు కూడ లేదు. నేల ముందుభాగము సిమెంటు, వెనుకభాగము మన నల్లరేగడి. ఈ నేల గుణము మీకందరకు తెలియును. ఎండలో చేయిపట్టునంత నెఱ్ఱెలు విచ్చును. వానలో పాదరక్షలను లాగికొనును. ప్రత్తికి మంచిది. జాకీకి మంచిది కాదు. ఆ సంగతి మేము పుస్తకమున చదువలేదు.

శనివారము సాయంకాలము పని మొదలిడితిమి. మామ ఆ దినమున ఊరిలో లేరు. పోవుచు రెండు మాటలు చెప్పి పోయిరి: “జాకీని నమ్మొద్దు. స్టెప్నీ చక్రమన్నా కింద పెట్టుకో.” మేము వెనుక చక్రము దగ్గర నల్లరేగడి మీదనే జాకీ నిలిపి బండిని ఎత్తితిమి. మామ మాటను త్రోసివేయలేక స్టెప్నీ చక్రమును బండి అంచు క్రిందికి త్రోసితిమి. అది అనవసరమనియే మా మనస్సులో ఉండెను. మా కుమార్తె బ్యాటరీదీపము పట్టుకొని కూర్చుండెను. మేము నడుము వరకు క్రిందికి దూరి, త్రుప్పుపట్టిన బోల్టునకు స్పానరు తగిలించి బలముగా లాగితిమి. బోల్టు కదలలేదు. బండి కదలెను. పైపొర గట్టిగా కనబడిన నేల లోపల తడిసి మెత్తబడి ఉండెను. జాకీ ఒక ప్రక్కకు ఒరిగెను. బండి దిగి స్టెప్నీ చక్రముమీద కూర్చుండెను. మా రొమ్మునకును ఇనుమునకును నడుమ నాలుగు వ్రేళ్ళ సందు మిగిలెను. అమ్మాయి వేసిన కేకకు వీధివారు వచ్చిరి.

టన్నుకు మించిన బరువు. ఆ చక్రము లేనియెడల ఈ ప్రసంగము లేదు. తప్పు జాకీది కాదు, నేలది కాదు. చోటు ఇరుకుగా ఉన్నదని త్వరగా ముగించి బయటపడవలెనని తొందరపడిన మాది. ఇరుకుచోట పనికి కాలము ఎక్కువ కావలెను. మేము దానికి తక్కువ కాలము ఇచ్చితిమి. ఆ రాత్రి మరి పని ముట్టలేదు.

మామ తిరిగివచ్చిన తరువాత మరల మొదలిడితిమి. ఈసారి ఎట్లు చేసితిమో క్రమముగా చెప్పెదము. ఇంటిలో ఇట్టి పని చేయు తండ్రులును, అన్నలును గుర్తుంచుకొందురుగాక.

మొదటిది, బండిని పూర్తిగా కొట్టములో ఉంచి పనిచేయలేదు. వెనుకభాగము వీధివైపు బయటికి వచ్చునట్లు త్రోసి, వెనుకపని బయట చేసితిమి. పిదప బండిని త్రిప్పి పెట్టి ముందుపని చేసితిమి. ఇరుకుచోటులో పెద్దబండి పనిని రెండు సగములుగా చేసికొనవలెను.

రెండవది, నేల. రెండడుగుల చదరపు బండరాయి పరచి, దానిమీద మందపు చెక్క వేసి, దానిపై జాకీ నిలిపితిమి. నేలను ఆనియుండు చక్రములకు ముందు వెనుకల రాళ్ళు అడ్డముగా పెట్టితిమి. బండిని ఎత్తిన తరువాత, ఒక వర్కుషాపువారి దగ్గర ఎరువు తెచ్చిన ఇనుప స్టాండ్లమీద దానిని దింపితిమి. స్టాండ్ల క్రిందను రాతిపలకలే. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు. స్టాండ్లకు మారుగా ఇటుకలు పెట్టువారిని మేము చూచితిమి. ఇటుక చెప్పకుండ పగులును. పడుకొనుటకు ముందు నిలుచుండి బండిని రెండుచేతులతో బలముగా ఊపి చూడవలెను. ఊగినచో క్రిందికి పోరాదు.

మూడవది, బోల్టులు. త్రుప్పు వదల్చు నూనెను వరుసగా మూడు సాయంకాలములు పోసితిమి. నాలుగవనాడు ముందుగా కొంచెము బిగించి, తరువాత వదల్చితిమి. బిగించుటచే త్రుప్పు పొర పగులును. అయినను కదలనివానిని కోసివేసితిమి. పారవేయవలసిన పాతగొట్టమును కాపాడుటకు ప్రయాసపడనక్కరలేదు. రంపపు చట్రము ఆడుటకు చోటు లేనిచోట, రంపపు బ్లేడును మాత్రము తీసి, ఒక కొనకు గుడ్డ గట్టిగా చుట్టి, దానితోనే కోసితిమి. పోతయినుప భాగములోనికి బిగించిన స్టడ్డులను మాత్రము బలవంతపెట్టరాదు. అవి లోపల విరిగినచో ఇంటిపని కాస్త వర్కుషాపు పని యగును. అక్కడ మూడవ నట్టు మొండికెత్తగా మేము ఆగి, మామ చేతికి స్పానరు ఇచ్చితిమి. ఆగవలసినచోట ఆగుటయు పనిలో భాగమే.

నాలుగవది, నిప్పు. మనది అగ్గిపెట్టెల ఊరు. నిప్పును గూర్చి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అయినను చెప్పుచున్నాము: త్రుప్పుబోల్టును వేడిచేసినచో వదలునన్నది నిజమే. కాని ఆ ప్రక్కనే పెట్రోలు గొట్టము పోవును, వెనుక పెట్రోలు తొట్టి ఉండును. ఇరుకు కొట్టములో మంట పనికిరాదు, వెల్డింగు పనికిరాదు, దీపపు బుడ్డి పనికిరాదు. బ్యాటరీదీపము చాలును. కండ్లకు అద్దములు తప్పక పెట్టుకొనవలెను. పైకి చూచుచు పనిచేయునప్పుడు త్రుప్పుపొడి సూటిగా కంటిలోనే పడును. పని మొదలిడుటకు ముందు గొట్టము పూర్తిగా చల్లబడవలెను.

అయిదవది, కొలత. పాతభాగములను విప్పిన వరుసలోనే వాకిట నేలమీద పరచి, వాని ప్రక్కన క్రొత్తవానిని పరచితిమి. అతుకులు ఎచ్చట ఎంతలోపలికి పోవలెనో సుద్దతో గీత గీసితిమి. వాకిట అరగంటలో దిద్దుకొను తప్పును బండి క్రింద దిద్దుకొనుటకు అరదినము పట్టును. తోకగొట్టము వెనుక ఇరుసు మీదుగా వంపులు తిరిగి పోవలెను. అది ఎంత త్రిప్పినను దూరలేదు. అప్పుడు మామ, బండి మేనును ఇంకొంచెము ఎత్తి, స్టాండ్లను పెంచి, ఇరుసును వ్రేలాడనిచ్చిరి. ఇరుసు క్రిందికి జారగా మేనునకును ఇరుసునకును నడుమ సందు పెరిగెను. గొట్టము పాము పుట్టలోనికి పోయినట్లు పోయెను.

ఆరవది, బిగించు క్రమము. అన్ని అతుకులను మొదట వదులుగా కూర్చి, రబ్బరు పట్టీలకు వ్రేలాడదీసి, గొట్టము ఎచ్చటను బండిరేకునకు గాని, బ్రేకు గొట్టమునకు గాని, పెట్రోలు గొట్టమునకు గాని తగులకుండునట్లు చూచితిమి. నడుమ కనీసము వ్రేలెడు సందు ఉండవలెను. వేడికి గొట్టము సాగును, బండి నడచునప్పుడు ఊగును. అది సరిపోయిన తరువాతనే ముందునుండి వెనుకకు ఒక్కొక్కటిగా బిగించితిమి. కాలిక్రింది రేకు బొక్కకు రేకుముక్క వేయించితిమి. గొట్టము మార్చి బొక్కను విడిచినచో పని సగమే.

పని ముగిసిన వెంటనే ఒక కోరిక పుట్టును: ఇంజను నడిపి చప్పుడు వినవలెనని. మాకును పుట్టెను. తాళము త్రిప్పబోతిమి. మామ చేయి పట్టుకొని, “బయటికి త్రోయి అల్లుడా, కొట్టములో వద్దు” అనిరి. ఇరుకు కొట్టములో నడచు ఇంజను కొలది నిమిషములలో మనుష్యుని చంపగలదు. తలుపు తెరచియున్నంత మాత్రమున చాలదు. బండిని వీధిలోనికి త్రోసి, అప్పుడు నడపితిమి. తడిపిన మందపు గుడ్డను తోకగొట్టపు కొనకు ఒక్క క్షణము అడ్డుపెట్టి, అతుకుల దగ్గర బుస్సుమను శబ్దము వచ్చునేమో వింటిమి. ఒకచోట వచ్చెను. ఇంజను ఆపి, చల్లబడనిచ్చి, క్లాంపు బిగించితిమి. పది కిలోమీటర్లు నడిపిన తరువాత, చల్లబడిన పిమ్మట, అన్నిటిని మరియొకసారి బిగించితిమి. మొత్తము మీద ఒక వర్కుషాపువాడు రెండు గంటలలో చేయు పనికి మాకు వారము దినములు పట్టినది.

అట్లయిన, వర్కుషాపునకే పోరాదా అని కొందరు అడుగవచ్చును. పోవచ్చును. చోటు, సాధనములు, తెలిసిన మనిషి లేనియెడల పోవుటయే మంచిది. క్రొత్తబండ్ల విషయమున మరియు నిజము. మనదేశములో 1995లో మద్రాసు మొదలగు నాలుగు మహానగరములలో సీసము లేని పెట్రోలును, క్రొత్త కార్లకు పొగను శుద్ధిచేయు కేటలిటిక్ కన్వర్టరును ప్రవేశపెట్టిరి. 2000లో సీసపు పెట్రోలు దేశమంతట నిలిచిపోయినది. నేటి కార్ల పొగగొట్టములో ఆ కన్వర్టరును, ఆక్సిజన్ సెన్సరును ఉన్నవి. అవి విలువైనవి, సున్నితమైనవి. అచ్చట పాతబండి తెలివి చాలదు. కన్వర్టరు ఉన్నబండి పొగయు మూసినచోట ప్రమాదకరమే. ఇంజను చల్లగానున్నప్పుడు ఆ కన్వర్టరు సరిగా పనిచేయదు.

అయినను ఈ పని చేయుట వలన మాకు ఒక లాభము కలిగినది. చప్పుడును అర్థము చేసికొనుట నేర్చితిమి. మామ ఇంటిలోనుండి చప్పుడు విని రోగము చెప్పిరి. మేము రెండేండ్లు దానిపై కూర్చుండియు వినలేదు. వారికి అది చేతిపని వలన వచ్చిన జ్ఞానము. చేతిపని చదువుకొన్నవారికి తగదను భ్రమ మనలో ఇంకను కొంత ఉన్నది. జి.డి. నాయుడుగారిని తలచుకొనుడు. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామమున తెలుగు కుటుంబములో పుట్టిరి. బడిచదువు ఎక్కువ సాగలేదు. యువకుడుగా ఒక మోటారు సైకిలు కొని, దానిని విప్పి, మరల కూర్చి, యంత్రములను నేర్చుకొనిరి. 1920లో పొల్లాచ్చి, పళని ఊళ్ళ నడుమ ఒక్క బస్సుతో మొదలిడి, పెద్ద బస్సు సంస్థను నిలిపిరి. తరువాత విద్యుత్ మోటార్లు తయారుచేయించిరి, పనివిద్య నేర్పు సంస్థలను నెలకొల్పిరి. 1974లో పరమపదించు వరకు యంత్రమునకు తన చేయి తగులనిచ్చినవారు. మనవలెనే ఇంట తెలుగు, వీధిలో తమిళము మాట్లాడినవారు.

భాషను గూర్చియు ఒక్క మాట చెప్పక విడువలేము. పని జరిగిన వారము దినములు మా కుమార్తె మామ నోటనుండి వచ్చిన పనిముట్ల పేర్లను, పని మాటలను ఒక నోటుపుస్తకమున వ్రాసికొనెను. కొన్ని తెలుగు, కొన్ని తమిళము, కొన్ని ఇంగ్లీషునుండి వచ్చి మన నోటిలో అరిగినవి. మన కోవిల్‌పట్టికి సమీపమున ఇడైసేవల్ గ్రామమున తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ గారు తమిళములో గొప్ప రచయితయై, 1991లో సాహిత్య అకాడమీ బహుమానము పొందిరి. వారు ఈ నల్లరేగడి సీమలో తమిళులు వాడు మాటలను ఏరి ఒక నిఘంటువు కూర్చిరి. అదే సీమలో మన ఇండ్లలో వాడు తెలుగు మాటలను ఏరుట మన పిల్లల పని. వచ్చు సంవత్సరము ఈ పత్రికలో ప్రతి తరగతి వారును తమ ఇంటిపెద్దల పనిమాటలు ఇరువది చొప్పున వ్రాయవలెనని మా కోరిక. కమ్మరము, వడ్రంగము, సేద్యము, అగ్గిపెట్టెల పని, మోటారు పని, ఏదైనను సరే.

తల్లిదండ్రులకు చివరి విన్నపము. పిల్లలను బడికి తెచ్చు ఆటోలు, వ్యానులు, కార్లు మీకు తెలిసినవే. ఈ వారములో ఒకసారి వంగి క్రిందికి చూడుడు. చప్పుడు మారినదా వినుడు. బండిలో పిల్లలు తలనొప్పి అనినచో ముందుగా అద్దములు దింపుడు, బండి ఆపి బయటికి తీసికొని రండు. శొంఠికాఫీ తరువాత ఇప్పింపవచ్చును. తలనొప్పి తగ్గకున్నచో, మగతగా ఉన్నచో, వైద్యునియొద్దకు కొనిపోయి, పొగ పీల్చిరేమో అన్న అనుమానమును కూడ చెప్పుడు.

ఆనాడు మా బండిలో కూర్చున్న ఆ ముగ్గురును ఈ సభలో మూడవ వరుసలో ఉన్నారు. వారి తల్లిదండ్రులకు జరిగినదంతయు మేము ఇంటికి పోయి చెప్పి, క్షమింపుమని కోరితిమి. వారు క్షమించిరి. ఈ సంవత్సరపు పోటీకి కూడ తమ పిల్లలను మా బండిలోనే పంపెదమనిరి. ఆ మాట మాకు ఏ బహుమానముకంటెను గొప్పది. బయలుదేరుటకు ముందు మేము సుత్తితో గొట్టమును తట్టి చూచెదము. పిల్లలు కూడ వినవచ్చును.